ఇంట కాచిన రేడియోలు



ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాడు యంత్రాల గురించి వ్రాయబూనడం సాహసమే. కాని ఈ టపాకు మూలం ఒక మాట. మాటల జోలికి వెళ్ళే హక్కు నాకు కొంత ఉన్నది కనుక ధైర్యం చేస్తున్నాను. సాంకేతిక విషయాలలో తప్పు దొర్లితే తెలిసినవారు దిద్దవలసినదిగా ప్రార్థన.

ఉద్యోగ విరమణ తరువాత నార్సింగిలో మా అబ్బాయి ఇంట ఉంటున్నాను. ప్రక్క ఫ్లాటులో ఒక యువకుడు ఉన్నాడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగి. అతని బాల్కనీలో ఒక పెద్ద గాజు జాడీ ఉంటుంది. అందులో తేనీరు పులుస్తూ ఉంటుంది. దానిని కొంబుచా అంటారట. జాడీ నడుముకు ఒక వెచ్చని పట్టీ, మూతలోనుంచి లోపలికి దిగిన ఒక సన్నని తీగ, ప్రక్కన ఆర్డువినో అనే అరచేతిలో పట్టే పలక. పులుపుకు వేడి కావాలి, మితిమీరకూడదు. జాడీ చల్లబడినప్పుడు తీగ చివరనున్న ఉష్ణమాపకం ఆ సంగతి పలకకు తెలుపుతుంది, పలక పట్టీకి కరెంటు ఇస్తుంది. చాలినంత వెచ్చబడగానే ఆపుతుంది. ఆ అమరికంతా అతను స్వయంగా చేసుకున్నదే.

"ఇదంతా హోమ్‌బ్రూ సార్! జాడీలోదీ హోమ్‌బ్రూయే, ఈ సర్క్యూటూ హోమ్‌బ్రూయే" అన్నాడు నవ్వుతూ.

పులిసే నీటికీ, తీగల పలకకూ ఒకే పేరు ఎట్లా కుదిరింది? పంతులు బుర్ర కదా, ఊరుకోలేదు. వెదుక్కుంటూ పోతే ఆ త్రోవ చివరకు మన హైదరాబాదుకే వచ్చి చేరింది.

ఇంట్లో కాచుకున్న బీరుకు ఇంగ్లీషులో ఆ మాట పాతదే. అమెరికాలో 1920 జనవరి 17న మద్యనిషేధం అమలులోకి వచ్చి, 1933 డిసెంబరు 5 వరకు సాగింది. దుకాణాలు మూతపడగా గృహస్థులు నేలమాళిగలలో బీరు కాచుకోసాగారు. సరిగ్గా ఆ 1920లోనే, నవంబరు 2న, పిట్స్‌బర్గులోని కేడీకేఏ కేంద్రం ఎన్నికల ఫలితాలను ప్రసారం చేసి రేడియో యుగానికి తెర తీసింది. కొనే రేడియో ఖరీదైనది. కనుక తీగ చుట్టి ఇంట్లో చేసుకున్నవారే ఎక్కువ. ఇంటి బీరుకున్న పేరు ఇంటి రేడియోకు అంటుకున్నది. హామ్‌లు, అంటే లైసెన్సు పొంది ఒకరితో ఒకరు ఆకాశమార్గాన మాట్లాడుకునే ఔత్సాహిక రేడియోవారు, స్వయంగా చేసిన పరికరాన్ని నేటికీ హోమ్‌బ్రూ అనే అంటారు. ఆ మాటే మరొక తరానికి కంప్యూటర్ల మీదికి ప్రాకింది. 1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, ఒకరి కారు షెడ్డులో, హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు తొలిసారి సమావేశమైనది. స్టీవ్ వోజ్నియాక్ తన మొదటి ఆపిల్ కంప్యూటరును తెచ్చి చూపినది ఆ క్లబ్బువారికే. చిత్రమేమిటంటే, ఇంట్లో కంప్యూటరు చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది గాని, ఇంట్లో బీరు కాచుకోవడానికి అమెరికావారికి 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకం చేసిన చట్టం కావలసివచ్చింది.

ఇక మన సంగతి. పులియబెట్టడం మనకు కొత్త కాదు. మా అమ్మమ్మ ఇంటి మూల తరవాణి కుండ ఉండేది. గంజి, అన్నపు కడుగు అందులో చేరుతూ పులుస్తూ ఉండేవి. వేసవి పొద్దున ఆ పుల్లని నీటితో అన్నం తింటే కడుపు చల్లగా ఉండేది. ఏ ఉష్ణమాపకమూ లేకుండా చేయి తాకించి, వాసన చూసి ఆమె గ్రహించినదే నేడు మా ప్రక్క ఫ్లాటులోని పలక గ్రహిస్తున్నది.

అయితే "ఇంట కాచినది" అన్న మాట మన ఊళ్ళలో అంత నిర్మలమైనది కాదు. కాచినది అంటే సారాయే. ఆ కాపు ఎన్ని సంసారాలను కాల్చిందో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లోకానికి చెప్పారు. వారి ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలింది. అనుమతి లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం ఇక్కడ నేరం. కనుక అమెరికావారి బీరు ముచ్చటను మన మీదికి తెచ్చుకోను. మా పొరుగు యువకుడు కూడా తేనీటితోనే తృప్తి పడుతున్నాడు.

కాని ఆ క్రియాపదాన్ని మాత్రం వదలలేను. కాచుట అంటే వేడిచేయుట. కాచుట అంటే రక్షించుట కూడా. చెట్టు కాచింది అంటాం, వెన్నెల కాసింది అంటాం. పొయ్యి, పహరా, పండు, వెలుగు అన్నీ ఒక్క మాట చుట్టూ చేరాయి. ఇంగ్లీషు మాటలో ఇంత లేదు. అందుకే ఈ చరిత్రకు "ఇంట కాచిన రేడియోలు" అని పేరు పెట్టుకున్నాను.

హైదరాబాదు రేడియో పుట్టుకే ఇంటి కాపు. 1930ల తొలినాళ్ళలో తంతి తపాలా శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ చిరాగ్ అలీ వీధిలో 200 వాట్ల ప్రసార కేంద్రాన్ని సొంతంగా నెలకొల్పాడు. వాట్లు ఎంతో తెలియనివారికి ఒక పోలిక: పాతకాలపు వంద వాట్ల బల్బులు రెండు వెలిగించే శక్తి. 1935 ఫిబ్రవరిలో నిజాం ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొన్నది. అదే దక్కన్ రేడియో. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. మన చిన్ననాటి వార్తలకు, నాటకాలకు, సంగీత కచ్చేరీలకు మూలం వెదికితే ఆ ఉద్యోగి ఉత్సాహం వద్దకు చేరుతాం.

బ్రిటిషు ఇండియాలో పరిస్థితి కటువుగా ఉండేది. 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. రెండవ ప్రపంచయుద్ధం రాగానే ఔత్సాహికుల లైసెన్సులు రద్దు చేసి పరికరాలు అప్పగించమన్నారు. ఏలికల భయం అకారణం కాదు. 1942 ఆగస్టులో బొంబాయిలో ఉషా మెహతా బృందం రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపింది. ఇళ్ళు మార్చుకుంటూ నవంబరు దాకా పోలీసులకు చిక్కక ప్రసారం చేశారు. స్వతంత్రం వచ్చిన తరువాత కూడా రేడియో వినడానికి పోస్టాఫీసులో లైసెన్సు పుస్తకం మీద ఏటేటా స్టాంపు వేయించుకోవలసి వచ్చేది. ఆ పద్ధతి 1980ల నడుమ గాని పోలేదు. మా నాన్నగారు ఆ పుస్తకాన్ని భూమి కాగితాలతో కలిపి భద్రపరచేవారు.

నేను ఇంటి రేడియోను తొలిసారి విన్నది తొమ్మిదవ తరగతిలో. మా సైన్సు మాస్టారు ఒక వెదురు గొట్టానికి, కాలిపోయిన మోటారులోనుంచి తీసిన రాగితీగ చుట్టించారు. వేపచెట్టునుంచి బడి కప్పుకు ఒక పొడుగు తీగ. బావి గట్టున తడినేలలోకి దిగిన మరొక తీగ. నడుమ గోరంత జెర్మేనియం డయోడు, చెవిలో పెట్టుకునే గొట్టం. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఆకాశంలో వ్యాపించిన తరంగమే పొడుగు తీగలో సన్నని విద్యుత్తును పుట్టిస్తుంది. రాగి చుట్ట మనకు కావలసిన కేంద్రాన్ని ఏరుతుంది. డయోడు ఆ విద్యుత్తును ఒక దిక్కుకే పోనిచ్చి, అందులో దాగిన ధ్వనిని విడదీస్తుంది. హైదరాబాదు కేంద్రం మాట చీమ నడిచినట్లు వినిపించింది. మాస్టారు ఆ గొట్టాన్ని నలభైమంది చెవులకూ వరుసగా పెట్టించారు. గంట కొట్టినా ఎవరూ కదలలేదు.

అటువంటి చేతిపనికి రాజాశ్రయం దొరికిన ఉదాహరణ కూడా మనకున్నది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు కాశీలో, స్టాన్‌ఫర్డులో చదివి, హోమీ భాభా బృందంలో చేరారు. 1956లో ట్రాంబేలో అప్సర అణు రియాక్టరు పనిచేయడం మొదలుపెట్టినప్పుడు దాని నియంత్రణ వ్యవస్థను తయారుచేసినది ఆయన ఎలక్ట్రానిక్స్ బృందమే. విదేశాల నుంచి తెప్పించుకొనక చేసుకొందామన్న ఆ పట్టుదలే 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్‌గా రూపు దాల్చింది. 1969లో అక్కడ టీడీసీ-12 అనే కంప్యూటరు తయారైనది. హైటెక్ సిటీ భవనం ప్రారంభమైనది 1998లో. నగరానికి పడమట అద్దాల మేడలు లేవడానికి మూడు దశాబ్దాల ముందే తూర్పున తగరం కరిగించి కంప్యూటరు అతికిన చేతులున్నాయన్నమాట. ఏ.ఎస్.రావు నగర్ బస్సు ఎక్కేవారిలో ఆ పేరు ఎవరిదో ఎరిగినవారు ఎందరు?

కోఠీ గుజరాతీ గల్లీ సంగతి చెప్పకపోతే ఈ చరిత్ర అసంపూర్ణం. నిరోధకాలు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు చిల్లరగా, పప్పులు ఉప్పులవలె అమ్మే ఇరుకు సందు అది. పాఠశాల విద్యార్థి చేతి ఖర్చుతో ఒక రేడియోకు కావలసినంత సరంజామా తెచ్చుకోగలిగేవాడు.

హామ్‌ల విషయానికి వస్తే, 1983లో సూరిగారి చొరవతో హైదరాబాదులో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ వెలసింది. ఇది కాలక్షేపం వ్యవహారమని తీసిపారవేసేవారికి ఒక్క సంగతి చెప్పాలి. 2004 డిసెంబరులో ఆ సంస్థ పక్షాన భారతీ ప్రసాద్‌గారి బృందం అండమాన్‌కు వెళ్ళి, పోర్టుబ్లెయిరునుంచి వీయూ4ఆర్‌బీఐ అనే సంకేతంతో ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడుతున్నది. డిసెంబరు 26 ఉదయం సునామీ వచ్చింది. మామూలు సమాచార మార్గాలు తెగిపోయినవేళ ఆ రేడియోయే ద్వీపాల క్షేమసమాచారాన్ని బయటికి చేరవేసింది. సరదాకు వెళ్ళినవారు కావలివారైనారు. కాచుట అన్న మాటకు రెండవ అర్థం అప్పుడు నాకు సరిగా బోధపడింది.

ఇక వర్తమానానికి వద్దాం. హైదరాబాదువాసి అశ్‌హర్ ఫర్హాన్‌గారు, సంకేతం వీయూ2ఈఎస్ఈ, వృత్తిరీత్యా సాఫ్ట్‌వేరు మనిషి. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదిక స్థాపకులలో ఒకరుగా కొందరికి తెలిసే ఉంటారు. మన బజారులో దొరికే సాధారణ వస్తువులతోనే ఖండాంతరాలకు మాట్లాడగల పరికరం చేయాలని 2000ల తొలి సంవత్సరాలలో ఆయన బిట్‌ఎక్స్ అనే నమూనాను రూపొందించారు. అందులోని చమత్కారం సామాన్యునికి కూడా తెలిసేదే. వినడానికి ఒక వరుస, పలకడానికి మరొక వరుస అని రెండు అమరికలు పెట్టకుండా, చాలా భాగం ఒకే వరుస రెండు దిక్కులా పనిచేస్తుంది. ఒకే గుమ్మం గుండా రాకా పోకా అన్నట్లు. దానితో వస్తువులూ తగ్గాయి, ఖర్చూ తగ్గింది. శక్తి ఆరేడు వాట్లు మాత్రమే. గీతలతో సహా అంతా ఉచితంగా లోకానికి ఇచ్చివేశారు. దేశదేశాల హామ్‌లు దానిని చూసి చేసుకున్నారు. తరువాతి నమూనాలు హైదరాబాదు నుంచే పెట్టెలలో విదేశాలకు వెళ్ళాయి. వాటిలోని తీగచుట్టలను చేతితో చుట్టినవారు ఇక్కడి స్త్రీలు. అమెరికాలో పుట్టిన మాట, ఇక్కడ కాగి, వస్తువై అమెరికాకు తిరిగి వెళ్ళింది.

ఇంతవరకు చెప్పినది ఇతరుల ఘనత. ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఈ టపా వ్రాయడానికి అసలు కారణం అదే.

1996లో ఎనిమిదవ తరగతికి ఛందస్సు చెబుతున్నాను. వెనుక బెంచీనుంచి సన్నగా గరగర వినిపించింది. ఒక పిల్లవాడు సబ్బుపెట్టెలో రేడియో చేసి తెచ్చాడు. ఒక్క ట్రాన్సిస్టరు, ఒక తీగచుట్ట, చెవిలో గొట్టం. నేను లాగుకొని బల్ల సొరుగులో వేసి, "మీ నాన్నగారిని తీసుకొనిరా, ఇస్తాను" అన్నాను. ఆయన పనికోసం ఊరూరా తిరిగే మనిషి, రాలేదు. పిల్లవాడు రెండుసార్లు స్టాఫ్‌రూము గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయాడు. సంవత్సరాంతానికి ఆ కుటుంబం వలస వెళ్ళిపోయింది. మా సైన్సు మాస్టారు వెదురు గొట్టాన్ని నలభై చెవులకు పంచారు. నేను ఒక్క చెవినుంచి కూడా లాగుకొన్నాను.

మొన్న పెట్టె అడుగున ఆ సబ్బుపెట్టె దొరికింది. మా పొరుగు యువకునికి చూపించాను. అతను మూత తీసి, చాలాసేపు మాట్లాడలేదు. బ్యాటరీ కారి తుప్పు పట్టింది గాని మిగతాది చెక్కుచెదరలేదట.

"అతుకులు ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడండి సార్. ఎనిమిదో క్లాసు పిల్లాడు చేశాడా ఇది?"

తుప్పు గీకి, కొత్త బ్యాటరీ తగిలించాడు. నా చెవిలో గొట్టం పెట్టాడు. ముందు ఏమీ లేదు. తీగచుట్టను కాస్త కదిలించగానే గరగర వినిపించింది, ఆనాడు వెనుక బెంచీనుంచి వచ్చినదే. ఛందస్సు పాఠానికి అడ్డమని నేను కోప్పడ్డ శబ్దం అది.

ఆ విద్యార్థికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఈ అద్దాల మేడల్లో దేనిలోనైనా ఉన్నాడో, మరెక్కడైనా ఉన్నాడో ఎరుగను. ఒకవేళ అతనే ఇది చదివితే, నాన్నగారిని తీసుకొనిరానక్కరలేదు. ఇన్నాళ్ళూ ఆ సబ్బుపెట్టెను కాచి ఉంచానని గొప్ప చెప్పుకోలేను. అది నా వద్ద అతని బాకీ. నార్సింగిలో ఉన్నది; వచ్చి తీసుకొనిపోవలసిందని మనవి.