పావురం రొమ్ము నుంచి థర్మోకోల్ రెక్క దాకా

పావురం మోయగలిగేది 75 గ్రాములు. జర్మనీలో మందుల షాపు నడుపుతూ, మందుల చీటీలు పావురాలతో తెప్పించుకునే యూలియస్ నాయ్‌బ్రోనర్ ఆ సంగతి స్వయంగా పరీక్షించి తేల్చుకున్నాడు. ఆ బరువు దాటకుండా ఒక కెమెరా చేశాడు. కాసేపటికి తనంతట తానే ఫొటో తీసే ఏర్పాటు అందులో పెట్టి, పావురం రొమ్ముకు పట్టీలతో కట్టి వదిలాడు. 1907లో పేటెంటుకు దరఖాస్తు పెడితే ఇది జరిగే పని కాదని తోసిపుచ్చారు. పావురాలు తీసిన ఫొటోలు ముందు పెట్టాక, 1908లో ఇచ్చారు.

ఇవాళ తిరుపతి చుట్టుపక్కల ఇంజనీరింగ్ పిల్లలు థర్మోకోల్ విమానానికి కట్టే కెమెరా బరువూ దాదాపు అంతే. ఒక్కోసారి అందులో సగమే. ఇంట్లో చేసుకునే కెమెరా విమానం ఎలా పుట్టిందని వెతుక్కుంటూ పోతే, తోవంతా బరువు తగ్గించుకోవడానికి పడిన తంటాలే కనిపిస్తాయి. రేడియో, మోటారు, బ్యాటరీ, కెమెరా... వీటిలో ఏది తేలికైతే ఆ మేరకు ఈ విమానం సైన్యాల చేతుల్లోంచి మామూలు మనుషుల చేతుల్లోకి జారింది.

పైనుంచి నేలను చూడాలన్న కోరిక మాత్రం పావురాలకంటే పాతది. 1858లో ఫ్రాన్సులో నాదార్ బెలూనెక్కి ఫొటో తీశాడు. అదే దేశంలో 1888లో ఆర్తర్ బత్యూ గాలిపటానికి కెమెరా కట్టాడు. నెమ్మదిగా కాలే వత్తి ఒకటి అంటించి గాలిపటాన్ని వదిలేవాడు. వత్తి కాలి చివరికి వచ్చేసరికి షట్టర్ పడేది. మనిషి నేలమీదే ఉండి, ఆకాశంలో ఉన్న కెమెరాతో పని చేయించుకోవడానికి ఆయన పడిన ఆరాటం ఆ వత్తిలో ఉంది. కింద నుంచి అప్పటికప్పుడు ఆజ్ఞ పంపే సాధనం అప్పటికింకా లేదు.

అది రేడియోతో వచ్చింది. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ కంటికి కనపడని తరంగాలను గోడల గుండా పంపి గంట మోగించాడు, తుపాకీ మందు పేల్చాడు. 1898లో న్యూయార్క్‌లో నికోలా టెస్లా నీటి తొట్టెలో చిన్న పడవను తీగలేమీ లేకుండా నడిపించాడు. గాల్లోకి ఎక్కించడం దగ్గరే కష్టమొచ్చింది. 1935లో బ్రిటన్ నడిపిన 'క్వీన్ బీ' పైలట్ లేని విమానమే అయినా, మనుషులెక్కే టైగర్ మాత్ విమానమంత పెద్దది. ఫిరంగి దళాల గురి సాధనకు వాడేవారు. ఆనాటి రేడియో సామానూ బరువైనదే.

సొంతంగా చేసుకున్నవాళ్లలో ముందు చెప్పుకోవలసింది అమెరికాలోని మిషిగన్‌కు చెందిన కవల సోదరులు వాల్టర్ గుడ్, విలియం గుడ్. 1937లో వాళ్లు ఎగరేసిన 'గఫ్'కు రెక్క సుమారు ఎనిమిది అడుగులు. వాల్వుల రేడియోను, దాని బ్యాటరీలను మోయాలంటే ఆ మాత్రం రెక్క తప్పదు మరి. ఆ విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ కాలపు విమానాల్లో మెలితిప్పిన రబ్బరు బ్యాండే కండబలం. కింద బటన్ నొక్కితే రేడియో ఒక చిన్న గొళ్లెం వదిలేది, రబ్బరు విప్పుకుంటూ చుక్కానిని ఒక పక్కకు తిప్పేది. కొంచెం తిప్పడం, ఎక్కువ తిప్పడం అనే తేడా ఉండేది కాదు. చేతిలో కర్ర ఎంత వంచితే చుక్కాని అంతే వంగే సర్వోలు తర్వాత్తర్వాత వచ్చాయి.

1957 జూన్ 30న ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ తన 'రేడియో క్వీన్'ను కరెంటు మోటారుతో ఎగరేశాడు. వెండి, జింకు బ్యాటరీ మీద నడిచింది. ఎగరడమైతే ఎగిరింది గానీ అంత ఖరీదైన బ్యాటరీని ఎవరు కొంటారు? ఇంకో నలభై ఏళ్లు ఇంధనం వాసన, ఇంజను రొద తప్పలేదు.

మన దేశంలో ఆ నలభై ఏళ్లూ ఇది అందని ముచ్చటే. ఇంజను, బాల్సా చెక్క, రేడియో అన్నీ దిగుమతి సరుకు. రేడియో తరంగాలు వాడాలంటే లైసెన్సు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరినవాళ్లకు ఏరోమోడలింగ్ రుచి కాస్త తెలిసేది, మిగతావాళ్లకు పేరు కూడా తెలియదు. ఆ తలుపు తీసినవాటిలో ముఖ్యమైనది చాలామంది పట్టించుకోని ఒక ప్రభుత్వ ఉత్తర్వు. 2005 జనవరిలో కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్సు అక్కర్లేదంది. సరిగ్గా ఆ రోజుల్లోనే విమానాల రిమోట్‌లూ ఆ తరంగాలకు మారాయి. పాత రిమోట్‌లతో ఒకే మైదానంలో ఇద్దరికి ఒకే ఛానెల్ పడితే ఒకరి విమానం కూలేది. కొత్తవాటిలో పది మంది పక్కపక్కనే నిలబడి ఎగరేసుకోవచ్చు.

మోటారు కథ నాకు మరీ ఇష్టం. 2000 తర్వాత ఔత్సాహికులు పాడైన కంప్యూటర్ల సీడీ డ్రైవులు విప్పి, అందులో సీడీని తిప్పే చిన్న మోటారును బయటికి తీశారు. దాని తీగ విప్పేసి లావు తీగ చుట్టారు, బలమైన నియోడిమియం అయస్కాంతాలు అతికించారు. చెత్తబుట్టలోకి పోవలసిన వస్తువు ప్రొపెల్లర్ తిప్పింది. బజారులో ఇవాళ దొరికే బ్రష్‌లెస్ మోటార్లకు దారి చూపినవాటిలో ఆ ఇంటి ప్రయోగాలు ఉన్నాయి. మిగిలిన పని సెల్‌ఫోన్ చేసిపెట్టింది. ఫోను కోసం తేలికైన లిథియం బ్యాటరీలు, గోరంత కెమెరాలు, ఒరుగు పసిగట్టే చిప్పులు కోట్లలో తయారై చవకయ్యాయి. 2009లో '3 ఇడియట్స్' సినిమాలో కిటికీ దాకా ఎగిరే కెమెరా యంత్రం చూసి ఎంతమంది పిల్లలు పేపరు మీద గీతలు గీసుకున్నారో!

ఇక మన పిల్లలు చేసే విమానం దగ్గరకు వద్దాం. స్కూలు ప్రాజెక్టులకు స్టేషనరీ షాపుల్లో అమ్మే థర్మోకోలే దేహం. నిక్రోమ్ తీగను కరెంటుతో వేడిచేసి రెక్క ఆకారం కోస్తారు. రెక్క విరగకుండా లోపల వెదురు బద్ద. అతికించడానికి తెల్ల ఫెవికాలే వాడాలి. తొందరపడి ఫెవిక్విక్ చుక్క వేస్తే థర్మోకోల్ కరిగి గుంట పడుతుంది. నాలుగడుగుల రెక్క, 2212 సైజు మోటారు, పది అంగుళాల ప్రొపెల్లర్, మూడు సెల్లుల లిథియం (లైపో) బ్యాటరీ, తొమ్మిది గ్రాముల సర్వోలు, కెమెరా అన్నీ కలిపి ఆరేడు వందల గ్రాములు తూగుతాయి. అందులో బ్యాటరీయే 180 గ్రాములదాకా ఉంటుంది కాబట్టి దాన్ని ముందుకూ వెనక్కూ జరిపి సమతూకం సరిచేస్తారు. రెక్క ముందంచు నుంచి వెడల్పులో సుమారు మూడో వంతు లోపల రెండు వేళ్ల మీద నిలబెట్టినప్పుడు విమానం వాలకుండా ఉండాలి. తోక బరువైతే ఎంత గట్టి మోటారు ఉన్నా కాపాడదు.

కెమెరాతో మరో చిక్కుంది. చవక కెమెరా ఫొటోను ఒక్కసారిగా తీయదు, వరస తర్వాత వరసగా చదువుతుంది. ఈలోగా ప్రొపెల్లర్ అదురు తగిలితే తిన్నని కరెంటు స్తంభం పాములా వంకర పోతుంది. ప్రొపెల్లర్ రెండు వైపులా సమంగా తూగేలా గరుకు కాగితంతో రుద్దడం, కెమెరా కింద మెత్తటి స్పాంజి పెట్టడం, విరుగుడు ఈ రెండే.

ఎగరేయడానికి ఎండాకాలపు చెరువు గర్భాన్ని మించిన మైదానం లేదు, అదీ పొద్దున్నే. ఎండెక్కితే శేషాచలం బండలు కాలి గాలి సుడులు తిరుగుతుంది. పాకాల దగ్గర గాదంకిలో 1024 యాంటెన్నాల రాడార్ పైగాలుల కదలికలను గమనిస్తుంది. అది చూసేది కిలోమీటర్ల ఎత్తులో. మన చిన్న విమానం తిరిగే చోట గాలిని మనమే కనిపెట్టుకోవాలి.

చట్టమూ తెలియాలి. 2014 అక్టోబరులో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పౌరుల డ్రోన్లన్నీ ఆపేసింది, 2018 డిసెంబరులో నియమాలతో అనుమతించింది. 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నిబంధనలు చాలా సడలించాయి. వ్యాపారానికి కాకుండా ఎగరేసే రెండు కిలోల లోపువాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. డ్రోన్ల మ్యాపులో ఆకుపచ్చగా చూపిన ప్రాంతంలో 400 అడుగుల దాకా పోవచ్చు, విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులే. మన తిరుపతి జిల్లాలో ఒకవైపు రేణిగుంట విమానాశ్రయం, ఒకవైపు శ్రీహరికోట, పైన డ్రోన్లు నిషేధించిన తిరుమల. మ్యాపు చూడకుండా విమానం చేతిలోకి తీసుకోవడం ఇక్కడ అసలు కుదరదు.

ఇంత తంటా దేనికంటే, ఈ నేలకు దానితో అవసరం ఉంది. శ్రీహరికోట నుంచి 2005 మే 5న వెళ్లిన కార్టోశాట్-1 బరువు 1,560 కిలోలు. 618 కిలోమీటర్ల ఎత్తు నుంచి అది రెండున్నర మీటర్ల వస్తువును గుర్తుపట్టేది. వంద మీటర్ల ఎత్తులో థర్మోకోల్ విమానం మీది మామూలు 12 మెగాపిక్సెళ్ల కెమెరా మూడు నాలుగు సెంటీమీటర్ల వివరం పట్టేస్తుంది. చిత్తూరు గొలుసుకట్టు చెరువుల్లో ఒకదాని మరవ నీళ్లు ఏ కాలువ గుండా కింది చెరువుకు చేరాలో, ఆ కాలువ ఎక్కడ పూడిందో, ఎక్కడ ఆక్రమణ పాలైందో గట్టు మీద నిలబడితే కనపడదు. ఒక్కో ఫొటో ముందు ఫొటోలో డెబ్బై శాతం కలిసేలా చెరువు మీద గీతలు గీసినట్టు తిప్పి తీసుకొస్తే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి ఎత్తుపల్లాలతో సహా పటం గీసిస్తుంది. ఏటా వేసవిలో ఒకసారి అలా తీసి పక్కపక్కన పెట్టుకుంటే, పూడిక ఎక్కడ ఎంత పేరుకుందో ఊరివాళ్లే లెక్క కట్టుకోవచ్చు.