ట్రెయిలర్‌తో సరిహద్దు దాటడం (బ్రిటన్ – ఐరోపా)

కారు వెనుక ట్రెయిలర్ తగిలించుకుని బ్రిటన్ నుంచి ఫ్రాన్స్ వైపు వెళ్లేవారు ముందుగా చేసుకోవాల్సిన ఏర్పాట్లు ఇవి. 1968 వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందాన్ని ధ్రువీకరించిన దేశాలకు వెళ్లేటప్పుడు, సరుకుతో కలిపి గరిష్ఠ బరువు 750 కిలోలు దాటే వాణిజ్య ట్రెయిలర్లకు, 3,500 కిలోలు దాటే ఏ ట్రెయిలర్‌కైనా విడిగా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఈ నిబంధన 2019 మార్చి 28న అమల్లోకి వచ్చింది. విహారానికి వాడే మామూలు కారవాన్లకు ఈ బెడద లేదు; కారు నంబరునే వెనుక ప్లేటు మీద చూపితే చాలు. 2021 సెప్టెంబరు 28 నుంచి దేశాన్ని తెలిపే ‘జీబీ’ స్టిక్కరు చెల్లదు, ‘యూకే’ ఉండాలి. కారుకు బీమా ఉంది కదా అని ట్రెయిలర్‌కూ పూర్తిగా వర్తిస్తుందనుకోకూడదు. పాలసీ చదివి చూసుకోవాలి.

సామగ్రిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది నిర్లక్ష్యం చేసేది బ్రేక్‌అవే కేబుల్. ట్రెయిలర్‌ను కారుకు తగిలించిన కొక్కెం ఊడితే ఈ సన్నని తీగ ట్రెయిలర్ హ్యాండ్‌బ్రేకును లాగి, ఆ తర్వాత తెగిపోతుంది. మలుపుల్లో బిగుసుకోనంత వదులుగా, రోడ్డుకు రాసుకోనంత పొట్టిగా ఉండాలి. టైర్లనూ చూసుకోవాలి: నెలల తరబడి కదలకుండా నిలిపిన ట్రెయిలర్ టైర్ల పక్కగోడలు బీటలు వారుతాయి. టైరు వయసు తెలుసుకోవాలంటే, దానిపై ఉండే నాలుగంకెల తయారీ తేదీ కోడ్‌లో మొదటి రెండు తయారీ వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి.