పసుపు – ప్రేగుపూత

మన శ్రీకాకుళ విజయనగర సీమలలో పసుపు లేని యిల్లు లేదు. సీతంపేట కొండలపై సవరలు పండించిన కొమ్ములు సంతలకు దిగును. మనవారు కొని దంచుకొందురు. గడపకు, పప్పునకు, గాయమునకు నదే పసుపు. ప్రేగునకు గూడ నదియే చాలునని నేను నమ్మినందున నొకప్పుడు మా తమ్ముని ప్రాణము మీదికి వచ్చినది.

అతనికి నెత్తురుతో జిగట విరేచనము లగుచుండెను. మొలలని కొందరు, అమీబా యని కొందరు చెప్పిరి. తుదకు వైద్యులు గొట్టము వేసి చూచి, పెద్దప్రేగు లోపలిపొర పుండ్లు పడినదని, దీనిని అల్సరేటివ్ కొలైటిస్ అందురని చెప్పి, మెసాలమిన్ అను మాత్ర లిచ్చిరి. మూడు మాసములలో గుణము కనబడెను. అది చూచి నేనే మాత్రలు మాన్పించి, వైద్యగ్రంథములలో హరిద్రను గూర్చి చదివినది తలచుకొని, మజ్జిగలో పసుపు కలిపి యిప్పించితిని. రెండు నెలలకు వ్యాధి తిరుగబెట్టినది. పండితుడనను నహంకారము నాది; పోయిన నెత్తు రతనిది.

పిదప విచారించితిని. చరకసంహితలో గ్రహణీచికిత్స యని యొక యధ్యాయమే యున్నది. అందు మజ్జిగకు గొప్ప స్థానము. కాని గ్రహణి యన్న పేరు క్రింద పలు వ్యాధులు చేరును. అదియే నేటి కొలైటిస్ యని ముడిపెట్టుట తగదు.

1815లో ఫ్రాన్సు దేశమున వోగెల్, పెల్లెటియర్ అను రసాయనజ్ఞులు పసుపులోని రంగుపదార్థమును వేరుచేసిరి. అదియే కర్క్యుమిన్. దాని నిర్మాణము 1910లో తేలినది. వాచిన ప్రేగులో తెల్లరక్తకణములు విడుచు తీక్ష్ణమగు ప్రాణవాయు పదార్థములు మన పొరనే కాల్చును. ఆ మంటను కర్క్యుమిన్ కొంత యణచునని ప్రయోగశాలలలో కనుగొనిరి.

2006లో జపాను వైద్యులు 89 మంది రోగులపై పరీక్ష జరిపిరి. వాడుచున్న మాత్రలకు తోడుగా కొందరికి దినమునకు 2 గ్రాముల కర్క్యుమిన్, కొందరికి మందులేని మాత్ర ఆరు నెల లిచ్చిరి. లెక్కకు వచ్చినవారిలో కర్క్యుమిన్ తిన్న 43 మందిలో ఇద్దరికి, తినని 39 మందిలో 8 మందికి వ్యాధి తిరుగబెట్టినది. 2017లో ఢిల్లీ వైద్యులు దినమునకు 450 మిల్లీగ్రాము లిచ్చి చూడగా ప్రయోజనము కనబడలేదు. రెంటిలోను ఎవరును పాతమాత్రలు మాన్పింపలేదు సుమా!

ఇక లెక్క చూడుడు. పసుపుపొడిలో నూటికి సుమారు 3 పాళ్లే కర్క్యుమిన్. 2 గ్రాములు కావలెనన్న 60 గ్రాములకు పైగా పొడి మ్రింగవలెను. నేను మజ్జిగలో వేయించినది చెంచాడు! అట్లని అంగడిలో దొరకు సారపుమాత్రలు తోచినట్లు తినరాదు. వానివలన కాలేయము చెడినవారును గలరు.

మా తమ్ముడు మరల మెసాలమిన్ మొదలుపెట్టెను. మరదలు పప్పులో పసుపు మానలేదు. వైద్యుని యొద్దకు పోయినపుడెల్ల నత డా సంగతియు దాచక చెప్పుచున్నాడు.