మధురవాణి పాత్రస్వాతంత్ర్యము

కవి సృష్టించిన పాత్రము కవి సంకల్పమును మీరి నడచుట కలదా యను ప్రశ్నమునకు విజయనగరమందే ప్రబలమైన నిదర్శనము కలదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892వ సంవత్సరమున అచటి జగన్నాథవిలాసినీసభవారిచే ప్రథమముగ ప్రదర్శింపబడెను. 1897లో ముద్రితమై ఆనందగజపతి మహారాజున కంకితమయ్యెను. 1909లో వెలువడిన ద్వితీయముద్రణము తొలిదానికి దిద్దుబాటు మాత్రము గాదు. ఐదంకముల నాటకము ఏడంకములై, దాదాపు నూతనకృతియే యయ్యెను.

ఈ రెంటి నడుమ మిక్కిలి పెరిగినది మధురవాణి. కన్యావిక్రయమును ఖండించుటయే ప్రయోజనమైన తొలికూర్పున నామె అప్రధానపాత్రము. మలికూర్పున కథాసూత్రములు పెక్కు ఆమె చేతిలోనికి వచ్చినవి. కరటకశాస్త్రి పన్నిన మాయపెండ్లికి తోడ్పడునది యామె. లుబ్ధావధానులపై వచ్చిన హత్యాభియోగమును దొలగించుటకై పురుషవేషమున సౌజన్యారావుపంతులకడ కేగునది యామె. గిరీశము నిజస్వరూపమును బయలుపరచునదియు నామెయే. వేశ్యాద్వేషమును వ్రతముగా బూనిన సంస్కర్త ఆమె యెదుట తన వ్రతమున కెల్ల యెక్కడనో విచారించుకొనవలసినవా డయ్యెను. సంస్కారమునకై యారంభమైన నాటకము సంస్కర్తనే పరీక్షించునదిగా పరిణమించెను.

మార్చినది కవిహస్తమే కదా యని కొంద రాక్షేపింపవచ్చును. సత్యమే. కాని, ఆ మార్పును కోరినది పాత్రము. దీనికి హేతువు భాషయందున్నది. అప్పారావుగారు తమ పాత్రములకు విజయనగరప్రాంతపు నిత్యవ్యవహారభాష నిచ్చిరి. ఒకే గ్రాంథికమున పలుకువారి కందరికిని కంఠ మొక్కటియే యగును. పలుకుబడి వేరైనచోట మనస్సును వేరగును. ఎదుటివాని తరమెరిగి మాట మార్చు నేర్పు మధురవాణి కబ్బిన పిదప, ఆమె యెత్తుగడలును కవి తొలి ప్రణాళికలో నిముడవయ్యెను.

కవి 1915లో దివంగతుడయ్యెను. అనంతరకాలమున ముళ్లపూడి వెంకటరమణగారు గిరీశముచే చలనచిత్రములను గూర్చి ఉపన్యాసము లిప్పించిరి. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు మధురవాణిచే కీర్తిశేషులైన సాహితీవేత్తలను ప్రశ్నింపజేసిరి. వీ రిరువురును కన్యాశుల్కకథను పొడిగింపలేదు. వారు గైకొన్నది కంఠమును మాత్రమే. పాత్రమునకు కథతో ముగియని యాయుస్సు ఆ కంఠమువలననే కలిగినదని దీనిచే స్పష్టమగుచున్నది.