కుండలో పాట, పెట్టెలో పాట

టేప్ రికార్డర్లు ఇంటింటికీ వచ్చిన రోజుల్లో తెలుగు పల్లెల్లో ఒక అలవాటు ఉండేది. విడి స్పీకర్ ఒకటి తెచ్చి, అయస్కాంతం లోపలికి, కాగితపు శంకువు పైకి ఉండేలా మట్టికుండ మూతికి బిగించేవారు. అంతవరకూ పీలగా వినిపించిన పాట కుండెక్కగానే నిండుగా పలికేది.

కారణం ఇదీ. స్పీకర్ ముందుకు గాలిని నెట్టినప్పుడు వెనక గాలిని లాగుతుంది. వెనక పుట్టిన అల చుట్టూ తిరిగి ముందుకొచ్చి, ముందు అలను చెరిపేస్తుంది. ఎక్కువగా దెబ్బతినేది తబలా జతలో ఎడమ వాద్యపు మోత లాంటి మంద్రనాదాలే. కుండ ఆ వెనక అలను లోపలే ఆపుతుంది.

ఈ రకం స్పీకర్‌కు రూపమిచ్చి 1925లో ప్రకటించినవారు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్. వెనక అలను ఆపడానికి మొదట్లో వెడల్పాటి చెక్కపలక సరిపోయింది. తర్వాత బెల్ లేబొరేటరీస్‌కు చెందిన ఆల్బర్ట్ థురాస్ పెట్టెకు ఒక రంధ్రం పెట్టి, ఆ వెనక అలనే మంద్రానికి సాయం చేసేలా మలిచాడు. దానికి 1932లో పేటెంట్ వచ్చింది.

అదే ఏడాది ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో గిల్బర్ట్ బ్రిగ్స్ వార్ఫ్‌డేల్ సంస్థను మొదలుపెట్టాడు. బట్టల వ్యాపారం నుంచి వచ్చిన ఈయన సొంతంగా పెట్టెలు చేసుకునేవారికి పెద్ద గురువయ్యాడు. చెక్క అదిరితే పాట చెడుతుందని, రెండు ప్లైవుడ్ పలకల మధ్య పొడి ఇసుక నింపమన్నాడు. గది మూలకు ఇటుకలతో గోడ కట్టి, అందులో స్పీకర్ బిగించే పద్ధతి కూడా చెప్పాడు.

మరి ఏ ఆకారం మేలు? అమెరికా సంస్థ ఆర్‌సీఏలో శాస్త్రవేత్త హారీ ఓల్సన్ గోళం, ఘనం, స్తూపం, శంకువు, పిరమిడ్ మొదలైన పన్నెండు రూపాల్లో స్పీకర్ బిగించి కొలిచాడు. ఫలితాలు 1951లో అచ్చయ్యాయి. గోళంలో ధ్వని నున్నగా సాగింది. ముఖం నడిమధ్య స్పీకర్ ఉన్న ఘనంలో మాత్రం హెచ్చుతగ్గులు దాదాపు 10 డెసిబెల్స్ దాకా పోయాయి. శబ్దం పదునైన అంచు దగ్గర చెదురుతుంది. ఘనంలో నాలుగంచులూ స్పీకర్‌కు ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి ఆ చెదిరిన శబ్దమంతా ఒకేచోట కలిసి పెద్ద లోపమవుతుంది. కుండకు మెడ ఉంటుంది గనుక అది అచ్చమైన గోళం కాదు. అయినా దాని గుండ్రటి ఒంటికి అలాంటి అంచులు లేవు.

తర్వాత పెట్టె కొలతలు లెక్కల్లోకి వచ్చాయి. 1954లో ఎడ్గర్ విల్చర్ గాలి చొరని చిన్న పెట్టెలోంచి లోతైన మంద్రం రప్పించాడు. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970ల్లో ఇచ్చిన సూత్రాలతో పెట్టెకు ఎన్ని లీటర్లు కావాలో, రంధ్రం ఎంత ఉండాలో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. అయితే ఆ లెక్క చెప్పేది లోపలి ఘనపరిమాణమే. మంద్రానికి అది చాలు. పైస్థాయి మాత్రం బయటి అంచుల మీద ఆధారపడుతుంది గనుక, ఆకారం ఎంపిక చేసేవాడి చేతికే మిగిలింది.

గోళం చెక్కాలంటే మామూలు వడ్రంగి పనిముట్లకు కష్టం. అందుకే ఇప్పటికీ ఎక్కువమంది ప్లైవుడ్ కోసి నలుచదరపు పెట్టెలే చేస్తారు. ఓల్సన్ కొలతలు తెలిసినవారు స్పీకర్‌ను నడిమధ్య నుంచి కాస్త పక్కకు జరిపి, ముందు అంచులను చిత్రికపట్టి గుండ్రంగా చేస్తారు.