సారపాక: జామాయిల్ మొద్దు నుంచి తెల్లగుజ్జు దాకా

భద్రాచలానికి ఎదురుగా, గోదావరి దక్షిణపు ఒడ్డున సారపాక ఉంది. ఇక్కడి కాగితపు మిల్లు కోసం 1975లో భద్రాచలం పేపర్ బోర్డ్స్ సంస్థ ఏర్పడగా, 1979లో ఉత్పత్తి మొదలైంది. మొదట్లో వెదురు, అడవి కలప ఆధారం. 1980ల చివర మొదలైన క్లోన్ పరిశోధన ఫలించాక జామాయిల్, సుబాబుల్ రైతుల పొలాల నుంచే రావడం పెరిగింది. 'భద్రాచలం క్లోన్లు' అనే పేరు జిల్లా దాటి పాకింది.

కలపలో సుమారు పావు వంతు లిగ్నిన్. పీచుపోగులను అతికించి ఉంచే జిగురు ఇది. దీన్ని కరిగించడానికి వాడే క్రాఫ్ట్ పద్ధతిని 1879లో కార్ల్ దాల్ కనిపెట్టాడు. చెక్క ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిసిన ద్రావణంలో వేసి, డైజెస్టర్‌లో 165-170 డిగ్రీల వేడిమీద ఉడికిస్తారు. అన్నం వండినట్టే ఇక్కడా అదను ముఖ్యం: తక్కువ ఉడికితే ముక్కలు పలుకుగా మిగులుతాయి, ఎక్కువైతే పీచు బలం పోతుంది. అందుకే జిగురంతా వంటలోనే తీయాలనే పట్టుదల వదిలి, కొంత మిగిల్చి ఆక్సిజన్‌తో తొలగించే పద్ధతి ప్రపంచమంతటా స్థిరపడింది. యంత్రాల మెరుగుదలంటే డైజెస్టరే గుర్తుకొస్తుంది గానీ, అసలు మార్పులు దాని తర్వాతి దశల్లోనే ఎక్కువ.

గుజ్జును తెల్లబరచడానికి చాలాకాలం క్లోరిన్ వాయువే వాడేవారు. అది లిగ్నిన్‌తో కలిసి, నీటిలో ఓ పట్టాన విచ్ఛిన్నం కాని విషపదార్థాలను మిగిల్చేది. సారపాకలో 2002లో క్లోరిన్ వాయువు లేకుండా, క్లోరిన్ డయాక్సైడ్‌తో తెల్లబరిచే విధానం వచ్చింది. దేశంలో అదే మొదటిది. 2008లో ఓజోన్ తోడైంది.

డైజెస్టర్‌లో ఉడికించాక మిగిలే నల్లని ద్రవాన్ని పారబోయరు. నీటిని ఆవిరిచేసే యంత్రాల్లో చిక్కబరిచి రికవరీ బాయిలర్‌లో మండిస్తారు. లిగ్నిన్ కాలి ఆవిరి, కరెంటు పుడతాయి. రసాయనాలు కరిగి అడుగున చేరతాయి. గంధకపు వాయువుల కుళ్లుగుడ్డు వాసన క్రాఫ్ట్ మిల్లులన్నిటికీ పుట్టుకతో వచ్చిందే. వాయువులను గొట్టాల్లో పట్టి కాల్చేయడం వల్ల ఆ వాసన తగ్గుతుంది గానీ, అణుమాత్రమైనా ముక్కు పసిగట్టే రకం కనుక పూర్తిగా మాయం కాదు.

బాయిలర్ అడుగున చేరిన కరుగును నీటిలో కలిపితే ఆకుపచ్చ ద్రవమవుతుంది. దానికి సున్నం కలపగానే కాస్టిక్ సోడా తిరిగి తయారై, మళ్లీ డైజెస్టర్‌కే చేరుతుంది.