జల్లెడ కిటికీకెక్కిన కథ

కిటికీకి కొట్టే దోమల జాలి జల్లెడ నుంచి వచ్చిందే. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, జార్జ్‌టౌన్‌లో గిల్బర్ట్ అండ్ బెనెట్ కంపెనీ గుర్రపు వెంట్రుకలతోనూ, తర్వాత సన్నని తీగతోనూ జల్లెడలు అల్లేది. 1861లో అంతర్యుద్ధం మొదలవగానే దక్షిణాది బేరం ఒక్కసారిగా పడిపోయింది. జాలి చుట్టలు అమ్ముడుపోక పేరుకుపోయాయి. తుప్పు పట్టకుండా వాటికి రంగు పూసి, కిటికీలకు కొట్టుకోమని అమ్మారు. పిండి జల్లించే తీగ ఈగలకూ దోమలకూ అడ్డు నిలిచింది.

అప్పటికది సుఖం కోసమే. దోమ కుడితే దద్దురు లేస్తుందని తెలుసుగానీ జ్వరం వస్తుందని తెలీదు. చిత్తడి నేలల చెడుగాలే మలేరియా తెస్తుందని నమ్మేవారు. ఇటాలియన్ భాషలో ఆ మాటకు అర్థమే చెడుగాలి.

ఆ నమ్మకం కూలింది మన సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20న బేగంపేటలో వైద్యుడు రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్ట కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. పొట్ట గోడలో ఆ రోగక్రిమి కనిపించింది. ఆ దోమలకు ఒళ్లప్పగించిన రోగి హుసేన్‌ఖాన్. కుట్టిన దోమకు అణా చొప్పున అతనికి ముట్టింది. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. హుసేన్‌ఖాన్ పేరు కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

జాలికి అసలు పరీక్ష 1900లో జరిగింది. రాస్ గురువు పాట్రిక్ మాన్సన్ ఇంగ్లండులో ఒక చెక్క ఇల్లు చేయించి, రోమ్ దగ్గర ఓస్టియా చిత్తడి నేలకు పంపించాడు. తలుపులకూ కిటికీలకూ తీగ జాలి బిగించారు. లో, సాంబన్ అనే ఇద్దరు వైద్యులు మరికొందరితో కలిసి మలేరియా కాలమంతా అందులో గడిపారు. పగలంతా బయట తిరిగారు, వానలో తడిశారు, ఆ గాలే పీల్చారు. పొద్దు వాలకముందే లోపలికి వచ్చేవారు. మలేరియా మందు క్వినైన్ కూడా మింగలేదు. ఒక్కరికీ మలేరియా రాలేదు. అదే ఏడాది రోమ్ నుంచి తెప్పించిన దోమలతో లండన్‌లో మాన్సన్ కొడుకు కుట్టించుకున్నాడు. అతనికి వచ్చింది! ఇంతకంటే తిరుగులేని రుజువు ఏం కావాలి? తర్వాత పనామా కాలువ తవ్వకంలో ఇళ్లకూ ఆసుపత్రులకూ జాలి బిగించారు.

మన ఇళ్లలో ఇప్పుడు ఇనుప జాలి తగ్గి నైలాన్, ఫైబర్‌గ్లాస్ నెట్‌లు వచ్చాయి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలికి ఇనుము నిలవదు మరి. అయితే పిల్లి గోరు, క్రికెట్ బంతి దేన్నీ వదలవు.

తీగ జాలికి అతుకు వేయడం తేలిక. చిల్లు చుట్టూ అంచు కత్తిరించి నలుచదరం చేయాలి. అంతకంటే నాలుగు వైపులా అంగుళం పెద్ద ముక్క అదే రకం జాలిలోంచి తీసుకోవాలి. ముక్క అంచుల్లో రెండు మూడు తీగలు ఊడలాగితే అడ్డంగా ఉన్న కొసలు కుచ్చులా నిలబడతాయి. వాటిని వంచి, జాలి కన్నాల్లోంచి దూర్చి, వెనక నుంచి మడిచి నొక్కాలి. నైలాన్ నెట్ అయితే సూదీ దారం చాలు.

వేలెడు చిల్లుంటే జాలి ఉన్నా లేనట్టే. మలేరియా దోమ రాత్రి కుడుతుంది, డెంగీ దోమ పగలే కుడుతుంది. చిల్లు కనిపించిన రోజే, పొద్దు వాలకముందే అతుకు వేసేయండి.